డెన్వర్ నుంచి ఒక్కరోజు కొండ ప్రయాణం: విశాఖ నుంచి వెళ్లిన కుటుంబానికి ఏ ఊరు నయం?

వేసవి మొదలైందంటే ఎంవీపీ కాలనీలో, సీతమ్మధారలో చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. పెద్దవాళ్లు అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిపోతారు. ఆ పిల్లలు కొలరాడోలో, డెన్వర్ చుట్టుపక్కల ఉంటే గనక దిగిన మొదటి శనివారమే "అమ్మా, కొండల్లోకి వెళ్దాం, పాత గనుల ఊళ్లు చూపిస్తాం" అంటారు. ఏ ఊరో మాత్రం ఫోన్‌లో ఫొటోలు చూసి తేలుస్తారు. ఫొటోల్లో ఎప్పుడూ లెడ్‌విల్లో బ్రెకెన్‌రిడ్జో గెలుస్తుంది. నా లెక్క వేరు. ముందు ఆ ఊరి ఎత్తు చూడండి, తర్వాత బండిలో ఎవరెవరు కూర్చుంటున్నారో చూడండి. ఫొటోల సంగతి ఆ తర్వాత.

ఎత్తు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మనం సముద్రం ఒడ్డున ఉండేవాళ్లం. మనకు తెలిసిన కొండ ఊరు అరకు. అది సుమారు 3,000 అడుగులు. డెన్వర్ 5,280 అడుగులు, అంటే సరిగ్గా ఒక మైలు. అక్కడి కాపిటల్ (రాష్ట్ర శాసనసభ) భవనం మెట్ల మీద ఆ ఎత్తుకు గుర్తు కూడా పెట్టారు. అంటే కొండల మాట ఎత్తకముందే, అమ్మాయి ఇంటి హాల్లో సోఫా మీద కూర్చుని టీ తాగేటప్పుడే మీరు అరకు కన్నా చాలా పైన ఉన్నారు. (ఆ టీ చప్పగా ఉందని అల్లుడుగారిని అనుమానించకండి. డెన్వర్‌లో నీళ్లు 95 డిగ్రీలకే మరిగిపోతాయి.)

అక్కడి నుంచి ఒక్కరోజులో వెళ్లిరాగల ఊళ్లను ఎత్తు వరసలో చెప్తాను. మానిటూ స్ప్రింగ్స్ సుమారు 6,400 అడుగులు, ఐడహో స్ప్రింగ్స్ 7,500, జార్జ్‌టౌన్ 8,500, బ్రెకెన్‌రిడ్జ్ 9,600, లెడ్‌విల్ 10,150. చివరిదాని దగ్గర గాలి ఒత్తిడి విశాఖలో ఉండే దానిలో సుమారు 70 శాతమే. ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా అదే లెక్కన తగ్గుతుంది.

దీనికి భయపడి ఇంట్లో కూర్చోనక్కర్లేదు. ఎత్తు వల్ల వచ్చే ఇబ్బంది ఎక్కువగా పగలు ఎంత ఎత్తుకు వెళ్లామన్న దాని మీద కాదు, రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నామన్న దాని మీద ఆధారపడుతుంది. పర్వతారోహకులు పగలు పైకెక్కి రాత్రి కిందికొచ్చి పడుకునేది అందుకే. ఈ లెక్కన కొండ ఊళ్లో హోటల్ తీసుకుని రెండు రాత్రులు ఉండటం కన్నా, పొద్దున వెళ్లి సాయంత్రానికి డెన్వర్ వచ్చేయడమే పెద్దవాళ్లకు మంచిది. కాకపోతే విమానం దిగాక రెండు మూడు రోజులు ఇంటిపట్టునే ఉండండి. నిద్ర కుదురుకోవాలి, ఒంటికి ఆ పొడిగాలి అలవాటు కావాలి. విశాఖలో చెమట కారుతుంటే దాహం గుర్తొస్తుంది. అక్కడ చెమట పట్టినట్టే తెలియదు, పట్టగానే ఆరిపోతుంది. దాహం వేయలేదు కదా అని ఊరుకుంటే మధ్యాహ్నానికి తలనొప్పి మొదలవుతుంది.

గుండె జబ్బు, ఊపిరితిత్తుల సమస్య, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు విశాఖలో బయల్దేరకముందే తమ డాక్టర్‌తో మాట్లాడాలి. "డెన్వర్ వెళ్తున్నాం" అంటే చాలదు, "పది వేల అడుగుల దాకా వెళ్లొచ్చా?" అని అంకె చెప్పి అడగండి. ఎత్తుకు వేసుకునే మాత్రలు ఎవరో చెప్పారని వేసుకోవద్దు, సల్ఫా మందులు పడనివాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ట్రావెల్ ఇన్సూరెన్సుల్లో పాత జబ్బులకు వర్తించనివి చాలా ఉంటాయి, ఆ కాగితం కూడా ఒకసారి చదవండి. కొండ మీద తలనొప్పి, వికారం, అడుగు పడనంత నీరసం వస్తే "కాసేపు చూద్దాం" అనకుండా బండి కిందికి తిప్పడమే వైద్యం.

ఇక ఊళ్ల సంగతి. ఇవి ఊటీలా దొరలు చల్లదనం కోసం కట్టుకున్న ఊళ్లు కావు. మానిటూ ఒక్కటి తప్ప మిగతావన్నీ గనుల కోసం వెలిసినవి. 1859 ప్రాంతంలో ఇక్కడి వాగుల్లో బంగారం దొరికిందని తెలిసి వేలమంది ఎగబడ్డారు. తర్వాత వెండి బయటపడింది. వెండిని ఒక చట్టం ప్రకారం ప్రభుత్వమే పెద్ద ఎత్తున కొంటుండేది. 1893లో ఆ చట్టాన్ని రద్దు చేయడంతో ధర కుప్పకూలి, ఏడాది తిరక్కముందే చాలా వెండి గనులు మూతపడ్డాయి. మనం చూసే పాత వీధులు చాలావరకు ఆ ముప్ఫై నాలుగేళ్ల కలిమిలో కట్టినవే.

జార్జ్‌టౌన్: పెద్దవాళ్లున్న ఇంటికి నా మొదటి ఓటు

డెన్వర్ నుంచి సుమారు 45 మైళ్లు, ట్రాఫిక్ లేకపోతే గంట. ఇక్కడికి వెళ్లేది ముఖ్యంగా రైలు కోసం. జార్జ్‌టౌన్ నుంచి పైనున్న సిల్వర్ ప్లూమ్‌కి సూటిగా రెండు మైళ్లే, కానీ ఆ రెండు మైళ్లలో 600 అడుగులకు పైగా ఎక్కాలి. రైలు అంత నిటారుగా ఎక్కలేదు. అందుకని పట్టాలను మెలికలు తిప్పి నాలుగున్నర మైళ్లకు సాగదీశారు. ఒకచోట ఆ మెలిక పూర్తిగా చుట్టు తిరిగి, రైలు తాను కాసేపటి క్రితం వచ్చిన పట్టాల మీదుగానే 95 అడుగుల ఎత్తు వంతెన మీద దాటుతుంది. దాన్నే జార్జ్‌టౌన్ లూప్ అంటారు. 1884లో పూర్తయింది. అసలు ఈ లైన్‌ను లెడ్‌విల్ దాకా తీసుకెళ్లాలనుకున్నారు గానీ అంత దూరం పోనేలేదు. గనులు పోయాక గిరాకీ లేక 1939లో పట్టాలూ వంతెనా విప్పి తుక్కు కింద అమ్మేశారు. ఇప్పుడు మనం ఎక్కేది 1984లో మళ్లీ కట్టిన వంతెన.

విశాఖవాళ్లకు ఈ రైలు మిగతావాళ్లకన్నా బాగా అర్థమవుతుంది. మనం అరకు వెళ్లే కొత్తవలస-కిరండూల్ లైన్ కూడా యాత్రికుల కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని మన పోర్టుకు దించడానికి 1960లలో వేసింది. అద్దాల బోగీలు చాలా తర్వాతి ముచ్చట. తేడా ఏమిటంటే మనది బ్రాడ్‌గేజ్, పట్టాల మధ్య ఐదున్నర అడుగులు. జార్జ్‌టౌన్‌లో మూడడుగులే, అందుకే అంత బిగుతు మలుపు తిరగగలుగుతుంది. అరకు లైన్ మీద సొరంగాలు లెక్కపెట్టిన మనవడికి ఇక్కడ వంతెన మీంచి చూస్తే కాసేపటి క్రితం తాను వచ్చిన పట్టాలే కింద కనిపించడం సరదాగా ఉంటుంది.

రైలు ప్రయాణం రానూపోనూ గంటా గంటుంపావు. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారు కూర్చున్నచోటు నుంచి కదలకుండా కొండలు చూడొచ్చు, మిగతా ఏ ఊళ్లోనూ ఇంత సుఖం లేదు. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, వేసవి వారాంతాల్లో అప్పటికప్పుడు దొరకడం కష్టం. కొన్ని పెట్టెలకు పైకప్పు ఉండదు. ఫొటోలకు బాగుంటాయని పిల్లలు అవే అడుగుతారు, పెద్దవాళ్లకు మాత్రం మూసి ఉన్న పెట్టే తీసుకోండి. జులైలో అయినా ఆ గాలికి మంకీ క్యాప్ వేసుకున్నందుకు ఎవరూ నవ్వరు. మధ్యలో దిగి పాత వెండి గనిలోకి వెళ్లే టూర్ ఒకటుంది, దానికి విడిగా టికెట్. పదేళ్లు దాటిన పిల్లలుంటే తప్పక తీసుకోండి. లోపల ఫ్రిజ్ తలుపు తీసినంత చలి, కాబట్టి స్వెట్టర్ లేకుండా దిగొద్దు.

రైలు దిగాక ఊరు కూడా తిరగాల్సిందే. చుట్టుపక్కల గనుల ఊళ్లు చాలా మంటల్లో కాలిపోతే, జార్జ్‌టౌన్ మాత్రం తన వలంటీర్ అగ్నిమాపక దళాల పుణ్యాన బతికిపోయింది. అందుకే 1800ల నాటి ఇళ్లు రెండు వందలకు పైగా ఇంకా నిలబడి ఉన్నాయి. 1875లో లూయీ డుపుయ్ అనే ఫ్రెంచ్ దేశస్థుడు తెరిచిన హోటల్ ద పారిస్ ఇప్పుడు మ్యూజియం. వీధి చదునుగా, చిన్నదిగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లు నెమ్మదిగా నడవొచ్చు.

ఐడహో స్ప్రింగ్స్: దగ్గర, చవక, సగం రోజు

డెన్వర్ నుంచి ముప్పావు గంట. 1859 జనవరిలో జార్జ్ జాక్సన్ అనే ఆయనకు బంగారం దొరికింది ఈ ఊరి వాగులోనే. చూడాల్సింది ఆర్గో మిల్లు. కొండ కింది నుంచి సెంట్రల్ సిటీ అనే ఇంకో గనుల ఊరి వైపు నాలుగు మైళ్లకు పైగా తవ్విన సొరంగం నోటి దగ్గర ఉన్న ఎర్రటి పెద్ద కట్టడం అది. గనుల్లో ఊరే నీళ్లు బయటికి పారడానికి, ఖనిజం తెచ్చి శుద్ధి చేయడానికి 1893లో మొదలుపెట్టి 1910లో పూర్తి చేశారు. 1943లో లోపల నిలిచిన నీళ్లు ఒక్కసారిగా తోసుకొచ్చి నలుగురు కార్మికులు చనిపోయారు, ఆ తర్వాత సొరంగంలో పని మళ్లీ మొదలుపెట్టలేదు. మిల్లు లోపల మెట్లు ఎక్కువ, మోకాళ్లకు పరీక్షే. ఇసుకలో బంగారం రజను జల్లెడపట్టే ఆట మాత్రం చిన్నపిల్లలు వదిలిపెట్టరు.

ఈ ఊరికి ఒక్కదానికోసమే రోజంతా కేటాయించొద్దు. జార్జ్‌టౌన్ నుంచి తిరిగొచ్చేటప్పుడు దారిలోనే తగులుతుంది, అక్కడ ఆగి భోంచేయండి. 1973 నుంచి ఉన్న బో జోస్ అనే పిజ్జా హోటల్ ఇక్కడిదే. అంచు మందంగా ఉంటుంది, ఆ అంచును తేనెలో ముంచుకుని తింటారు. శాకాహారులకు ఇబ్బంది లేదు.

లెడ్‌విల్: కథల్లో అన్నిటికన్నా గొప్పది, మొదటి వారానికి మాత్రం కాదు

చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకు లెడ్‌విల్‌ని మించింది లేదు. అమెరికాలో నగర హోదా ఉన్న ఊళ్లలో ఎత్తైనది ఇదే. 1880 నాటికి సుమారు పదిహేను వేల జనం, ఇప్పుడు మూడు వేలు కూడా లేరు. హోరెస్ టేబర్ అనే దుకాణదారు వెండి గనుల్లో కోటీశ్వరుడై 1879లో ఇక్కడ కట్టించిన ఒపెరా హౌస్ ఇంకా ఉంది. 1893 దెబ్బకు ఆయన సర్వం పోగొట్టుకుని 1899లో చనిపోయాడు. ఆయన రెండో భార్య, బేబీ డో అని అందరూ పిలిచే ఆవిడ, మ్యాచ్‌లెస్ గని పక్కన చెక్క గదిలో దశాబ్దాలపాటు ఒంటరిగా బతికింది. 1935 మార్చిలో చలికి బిగుసుకుపోయిన ఆవిడ శవం అదే గదిలో దొరికింది. టైటానిక్ మునిగినప్పుడు బతికి బయటపడ్డ మార్గరెట్ బ్రౌన్ కూడా ఈ ఊరి నుంచి వెళ్లినావిడే, భర్తకు ఇక్కడి గనిలోనే కలిసొచ్చింది. డెన్వర్‌లో వాళ్లిల్లు ఇప్పుడు మ్యూజియం. కొండ ఎక్కలేని రోజున ఆ ఇల్లు చూసి రావొచ్చు.

ఉక్కునగరంలో ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లు లెడ్‌విల్ దారిలో ఇంకొకటి చూడాలి. హైవే వదిలి ఫ్రీమాంట్ కనుమ ఎక్కాక, 11,300 అడుగుల దగ్గర క్లైమాక్స్ గని కనిపిస్తుంది. అక్కడ తీసేది మాలిబ్డినం, ఉక్కుకు గట్టిదనం కోసం కలిపేది. ఒక కొండ పక్కంతా మెట్లు మెట్లుగా తవ్వేసి ఉంటుంది. ఊళ్లో జాతీయ మైనింగ్ మ్యూజియం చూస్తే ఇదంతా ఇంకా బాగా అర్థమవుతుంది. స్టీల్ ప్లాంట్ మావయ్యలు గైడ్‌ని ఆపి తామే చెప్పడం మొదలుపెట్టే ప్రమాదం ఉంది, ఒక గంట అదనంగా పెట్టుకోండి.

ఇన్ని చెప్పీ ఎందుకు వద్దంటున్నానంటే, దూరం వంద మైళ్లు, పోవడానికే రెండు గంటలు, దారిలో ఐజన్‌హోవర్ సొరంగం 11,000 అడుగులు దాటిన ఎత్తులో ఉంది. తలనొప్పి వస్తే కిందికి దిగడం కూడా సులువు కాదు, ఎందుకంటే ఇంటికి రావాలంటే మళ్లీ కనుమా సొరంగమూ ఎక్కాలి. డెబ్బై దాటినవాళ్లను, చంటిపిల్లలను తీసుకుని మొదటి వారాంతంలో వెళ్లాల్సిన ఊరు కాదిది. కొలరాడోలో రెండు మూడు వారాలు గడిచాక, జార్జ్‌టౌన్‌లో ఇబ్బంది లేదని తేలాక వెళ్లండి. మే నెలలో కూడా మంచు పడుతుంది, జూన్ సగం దాటాక నయం.

బ్రెకెన్‌రిడ్జ్, సెంట్రల్ సిటీ

బ్రెకెన్‌రిడ్జ్ అందమైన ఊరే, కాదనను. రంగురంగుల పాత ఇళ్లు, పూలకుండీలు, పక్కనే నది, డబ్బు తీసుకోకుండా ఎక్కించే గొండోలా (మన కైలాసగిరి రోప్‌వే లాంటిది), చెట్ల మధ్య చెక్కతో చేసిన పెద్ద ట్రోల్ (కథల్లోని రాక్షసుడి) బొమ్మ ఉన్నాయి. 1887లో పదమూడు పౌండ్ల బరువున్న బంగారు ముద్ద దొరికింది ఈ చుట్టుపక్కలే. కానీ 1961 నుంచి ఇది స్కీయింగ్ ఊరు, పాత గోడల వెనక ఉన్నవన్నీ కొత్త షాపులే. చరిత్ర కోసం వెళ్తే కాస్త నిరాశ తప్పదు. కాలేజీ పిల్లలు, షాపింగ్ ఇష్టమైనవాళ్లు, పడుచు జంటలు ఉన్న బండి అయితే ఇదే సరైంది. పైగా ఊళ్లో బస్సులు ఉచితం. ఎత్తు మాత్రం లెడ్‌విల్‌కి ఐదారు వందల అడుగులే తక్కువని గుర్తుంచుకోండి, "ఇది మామూలు టూరిస్టు ఊరే కదా" అని తేలిగ్గా తీసుకోవద్దు.

సెంట్రల్ సిటీలో 1878 నాటి ఒపెరా హౌస్ బాగుంటుంది. అయితే 1991 నుంచి అక్కడ జూదం చట్టబద్ధం కావడంతో వీధంతా కాసినోలు. పిల్లలతో వెళ్లేవాళ్లకు అక్కడ పనిలేదు.

మానిటూ స్ప్రింగ్స్: దక్షిణం దారి

మిగతావన్నీ డెన్వర్‌కి పడమట, ఐ-70 రోడ్డు మీద ఉంటే, ఇది దక్షిణాన ఐ-25 మీద, గంటన్నర లోపు. ఇది గనుల ఊరు కాదు, 1872లో ఆరోగ్యం కోసం వచ్చేవాళ్లకు కట్టిన ఊరు. కారణం ఊటనీళ్లు. ఊళ్లో అక్కడక్కడా కొళాయిల్లా కట్టిన ఊటలుంటాయి, ఎవరైనా పట్టుకుని తాగొచ్చు. సహజంగానే గ్యాస్ ఉన్న నీళ్లు, ఒక్కో ఊటది ఒక్కో రుచి. ఇంట్లోంచి స్టీల్ గ్లాసు పట్టుకెళ్లండి. రుచి నచ్చుతుందని హామీ ఇవ్వలేను, కొన్నిటికి ఇనుము వాసన గట్టిగానే ఉంటుంది. పక్కనే ఎర్రరాళ్ల గార్డెన్ ఆఫ్ ద గాడ్స్, ప్రవేశం ఉచితం. తారు వేసిన చదును బాట ఉంది కాబట్టి వీల్‌చెయిర్ కూడా వెళ్తుంది. 6,400 అడుగులే కనుక ఎత్తు బెంగ అన్నిటికన్నా తక్కువ.

ఇక్కడో టెంప్టేషన్ ఉంది. 1891 నుంచి పైక్స్ పీక్ శిఖరం మీదికి పళ్లచక్రాల రైలు నడుస్తోంది. కొత్త పట్టాలు వేసి 2021లో మళ్లీ తెరిచారు. శిఖరం 14,115 అడుగులు. రైల్లో కూర్చునే వెళ్తాం కదా అనుకుంటారు, ఒంటికి మాత్రం కూర్చున్నా నడిచినా ఎత్తు ఎత్తే. కుర్రాళ్లు వెళ్లిరానీండి, తాతగారు మామ్మగారు కింద ఊటల దగ్గర కూర్చోవచ్చు.

ఏ ఊరైనా ఇవి తప్పవు

జులై, ఆగస్టుల్లో మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట దాటాక కొండల మీద ఉరుములు మెరుపులు మామూలు. మన అల్పపీడనంలా రోజుల తరబడి ముసురు పట్టదు, అరగంట దంచి ఆగిపోతుంది. ఆ అరగంట చెట్ల కిందా ఆరుబయటా ఉండకూడదు. అందుకే బయట తిరిగేది పొద్దున, మ్యూజియంలు మధ్యాహ్నం పెట్టుకోండి.

ఐ-70 మీద శనివారం పొద్దున కొండల వైపు, ఆదివారం మధ్యాహ్నం డెన్వర్ వైపు బళ్లు బారులు తీరతాయి. అమ్మాయికి వర్క్ ఫ్రమ్ హోమ్ ఉంటే ఒక బుధవారం సెలవు పెట్టించండి. కుదరకపోతే శనివారం ఏడులోపు ఇల్లు కదలాలి. తాతగారి పూజ, టిఫిను అయ్యాక తొమ్మిదిన్నరకు బయల్దేరితే సగం రోజు రోడ్డు మీదే పోతుంది. ఇడ్లీలు డబ్బాలో పెట్టి బండిలో తినొచ్చు. మధ్యాహ్నానికి పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్లడం మంచిది, ఈ చిన్న ఊళ్లలో మన భోజనం దొరుకుతుందని లెక్కపెట్టుకోవద్దు. ఐదుగురు దాటితే ఏడు సీట్ల బండి అద్దెకు తీసుకోండి, చంటిపిల్లలకు కార్ సీటు తప్పనిసరి.

అమ్మానాన్నలు, చిన్నపిల్లలు కలిసి ఉన్న బండికి నా సలహా: శనివారం అయితే జార్జ్‌టౌన్‌కి పొద్దున మొదటి రైలు, తిరుగు దారిలో ఐడహో స్ప్రింగ్స్‌లో భోజనం. ఆదివారం మాత్రమే ఖాళీ ఉన్నా, ఇంట్లో గుండె పేషెంటు ఉన్నా మానిటూ. చరిత్ర పిచ్చి ఉన్న, జార్జ్‌టౌన్‌లో ఇబ్బంది పడనివాళ్లు మాత్రమే ఉన్న బండి అయితే మూడో వారంలో లెడ్‌విల్. ఇంట్లో రెండు రకాల వాళ్లూ ఉంటే రెండు బళ్లుగా విడిపోయినా తప్పేం లేదు. లెడ్‌విల్ వెళ్లే బండి జార్జ్‌టౌన్ మీదుగానే పోవాలి కాబట్టి సాయంత్రం ఐడహో స్ప్రింగ్స్‌లో అందరూ కలిసి భోంచేసి ఇంటికి రావొచ్చు.